పుట్టగొడుగులు తిన్నాక వాంతులు మొదలైతే ముందు టైమ్ చూడండి

తొలకరి దాటి రెండు మంచి వానలు పడి, పైన ఉరుములు ఉరిమాయంటే చాలు మా వైపు పొద్దున్నే గట్ల మీదకి, పుట్టల దగ్గరకి జనం బయల్దేరిపోతారు. తెలంగాణలో పుట్టకొక్కులు అంటారు, మేం పుట్టగొడుగులు అంటాం, తినకూడనివాటన్నిటినీ కలిపి కుక్కగొడుగులు అనేస్తాం. ఆ కూర రుచి మరిగినవాళ్ళకి వద్దు అని చెప్తే వినరని నాకు తెలుసు, మా అమ్మ చేసే పుట్టగొడుగుల కూరంటే నాకూ ప్రాణం. కానీ నేను పదకొండేళ్ళుగా ఆసుపత్రి క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నా, వానాకాలం వచ్చిందంటే ఈ కేసులు చూస్తూనే ఉన్నా, వీళ్ళలో చాలామంది ఒక పూట సెలైన్ ఎక్కించుకుని లేచి వెళ్ళిపోతారు, కొద్దిమంది మాత్రం అస్సలు అలా వెళ్ళకూడనివాళ్ళు ఉంటారు. ఆ తేడా ఎక్కడ తెలుస్తుంది, తెలిశాక ఇంట్లో ఏం చేయాలి, ఆసుపత్రిలో ఏం అడగాలి, ఇవి చెప్దామనే రాస్తున్నా.

ముందు ఒక్క మాట, ఇది గుర్తుంటే మిగతాది మర్చిపోయినా పర్లేదు. తిన్న ఎన్ని గంటలకి వాంతులు మొదలయ్యాయో చూడండి. గంట, రెండు గంటల్లో మొదలైతే చాలావరకు అది కడుపుని తిప్పేసే రకం, నీరసం తెప్పిస్తుంది గానీ చాలామంది ఒకట్రెండు రోజుల్లో కోలుకుంటారు. ఆరు గంటలు దాటాక మొదలైతే, అంటే రాత్రి ఎనిమిదింటికి తిని హాయిగా పడుకుని తెల్లవారుజామున కడుపు పట్టుకుని లేస్తే, అది లివర్ మీదకి పోయే రకమే అనుకుని బయల్దేరాలి. మనం సరిగ్గా ఉల్టాగా ఆలోచిస్తాం. తిన్న వెంటనే కక్కుకుంటే హడలిపోతాం, పొద్దుటిదాకా ఏం కాలేదంటే "ఆ కూర అయితే రాత్రే తేడా చేసేది కదా, ఇది ఏదో అజీర్తి" అని సోడా తాగి పడుకుంటాం. ఆ పడుకున్న పూటే విలువైన పూట.

ఇంకోటి, రెండు మూడు రకాలు కలిపి వండినప్పుడు ముందుగా వాంతులయ్యాయని ధీమా పడకూడదు, తొందరగా తిప్పే రకం పక్కనే ఆలస్యంగా చంపే రకం కూడా అదే గిన్నెలో ఉండొచ్చు. అందుకే వాంతులు ఎప్పుడు మొదలైనా సరే, అడవిలోనో గట్టు మీదో కోసినవి తిని ఉంటే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే, ఆరు గంటల లెక్క ఎంత కంగారు పడాలో చెప్తుంది గానీ వెళ్ళాలా వద్దా అని కాదు.

ఆ విషం ఏంటి, ఒంట్లో చేసే పనేంటి

దాన్ని అమాటాక్సిన్ అంటారు, అందులో ముఖ్యమైనది ఆల్ఫా అమానిటిన్. 1941లో జర్మనీలో హైన్‌రిష్ వీలాండ్, రుడాల్ఫ్ హాలర్‌మాయర్ అనే శాస్త్రవేత్తలు దీన్ని విడదీసి చూపించారు. ఎనిమిది అమైనో ఆసిడ్లు గొలుసులా కలిసి ఉంగరంలా చుట్టుకుని, ఆ ఉంగరం మధ్యలో ఇంకో అడ్డ కట్టు వేసుకున్న చిన్న పదార్థం అది. ఆ కట్టు వల్లే మహా మొండిది. ఉడికించినా పోదు, వేయించినా పోదు, ఎండబెట్టినా పోదు, ఫ్రిజ్‌లో గడ్డ కట్టించినా పోదు, మన కడుపులో జీర్ణరసాలు కూడా దాన్ని ముక్కలు చేయలేవు. ఎంతసేపు మరిగించినా కూరలో ఉన్న విషం కూరలోనే ఉంటుంది, పులుసులోకి దిగుతుంది, ముక్కలు పక్కన పెట్టి పులుసు పోసుకున్నవాళ్ళకీ అంతే.

ఇది ఎక్కువగా ఉండేది డెత్ క్యాప్ అని పిలిచే అమానిటా ఫాలాయిడిస్‌లో. దాని సొంతూరు యూరప్, ఓక్ లాంటి చెట్ల వేళ్ళతో జత కట్టి బతుకుతుంది, ఆ చెట్ల మొక్కలు తీసుకెళ్ళి నాటిన చోటల్లా మట్టితో పాటు అది కూడా వెళ్ళింది, అలా కాలిఫోర్నియాలో, ఆస్ట్రేలియాలో స్థిరపడిపోయింది. తెల్లగా ఉండే డిస్ట్రాయింగ్ ఏంజెల్ అనే చుట్టాలు, గలెరీనా అనే చిన్న గోధుమరంగువి, లెపియోటా అనే చిన్న చిన్న గొడుగుల్లో కొన్ని, వీటిల్లో కూడా ఇదే విషం. కాబట్టి డెత్ క్యాప్ మా ఊళ్ళో లేదు కదా అని గుండె మీద చెయ్యేసుకోవడానికి లేదు.

లెక్క ఎంతో చూడండి. మనిషి బరువులో కేజీకి 0.1 మిల్లీగ్రాము ప్రాణం తీయొచ్చని వైద్య పుస్తకాల్లో ఉంటుంది, అంటే 60 కేజీల మనిషికి 6 మిల్లీగ్రాములు, 15 కేజీల పిల్లకి 1.5 మిల్లీగ్రాములు. బాగా విచ్చుకున్న డెత్ క్యాప్ ఒక్కదాన్లోనే పెద్ద మనిషికి సరిపడా ఉండొచ్చు. పిల్లలకి ఒక్క ముక్క చాలు. ఒకే పళ్ళెంలో తిన్న కుటుంబంలో పిల్లలే ముందు పోవడానికి కారణం ఈ లెక్కే.

పని చేసే తీరు చెప్తా, కొంచెం ఓపిగ్గా చదవండి, ఇది అర్థమైతే ఆ "గ్యాప్" ఎందుకు వస్తుందో తెలుస్తుంది. మన ప్రతి కణంలో డీఎన్ఏ అనే పెద్ద పుస్తకం ఉంది, అందులోంచి కావాల్సిన పేజీ కాపీ చేసుకుంటేనే ప్రోటీన్ తయారవుతుంది. ఆ కాపీ రాసే గుమస్తా పేరు ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ 2. మామూలుగా నిమిషానికి వేల అక్షరాలు రాసుకుంటూ పోతుంది, అమానిటిన్ వచ్చి దాని కదిలే భాగం కింద ఇరుక్కుందంటే నిమిషానికి ఏవో నాలుగు అక్షరాలకి పడిపోతుంది. అది ఎక్కడ ఇరుక్కుంటుందో 2002లో రోజర్ కోర్న్‌బర్గ్ అనే అమెరికా శాస్త్రవేత్త బృందం ఎక్స్‌రే పద్ధతిలో బొమ్మ తీసి చూపించింది, పాలిమరేజ్ మీద చేసిన పనికి ఆయనకి 2006లో నోబెల్ వచ్చింది.

కాపీలు ఆగిపోయినంత మాత్రాన కణం ఆ క్షణమే చావదు. వంటింట్లో పొయ్యి ఆరిపోయినా గిన్నెలో వండిన అన్నం ఉన్నంతసేపు ఇంట్లో అందరూ తింటూనే ఉంటారు, గిన్నె అడుగు కనబడ్డాకే గోల మొదలవుతుంది. కణం కూడా అంతే, ముందే చేసి పెట్టుకున్న ప్రోటీన్లతో కొన్ని గంటలు నడిపేస్తుంది. అందుకే ఆరు నుంచి పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇరవై నాలుగు గంటలు ఏమీ తెలీదు. ఎవరికి ప్రోటీన్ ఎక్కువ అవసరమో వాళ్ళు ముందు పడిపోతారు, పేగు లోపలి పొర, తర్వాత లివర్, దానితో పాటు కిడ్నీలు. లివర్‌కి ఇంకో దురదృష్టం ఉంది. పిత్తరసాల్లాంటివి లోపలికి తీసుకోవడానికి దాని కణాల గోడకి ఉన్న ద్వారాల్లోంచే ఈ విషం కూడా దూరిపోతుంది, లోపలికెళ్ళాక కొంత పిత్తంతో కలిసి మళ్ళీ పేగులోకి వస్తుంది, పేగు దాన్ని మళ్ళీ పీల్చుకుని లివర్‌కే పంపుతుంది. ఒకసారి తిన్నది లివర్‌కి రెండుసార్లు మూడుసార్లు వడ్డించినట్టు. బొగ్గు పొడి మందు ఎందుకిస్తారో కింద చెప్తా, అది ఈ చుట్టుతిరుగుడుని తెంపడానికే.

రెండో రోజు మోసం

నేను మర్చిపోలేని కేసు ఒకటి చెప్తా, ఊరూ పేరూ వద్దు. ముగ్గురు, మొగుడూ పెళ్ళాం, ఆవిడ అత్తగారు. రాత్రి పుట్టగొడుగుల పులుసు తిన్నారు, తెల్లారి నాలుగింటికి ముగ్గురికీ ఒకేసారి మొదలయ్యాయి. గంజినీళ్ళలా విరేచనాలు, వాంతులు, కాళ్ళు పిక్కలు లాగేయడం. దగ్గర్లో ఒక చోట సెలైన్లు ఎక్కించారు, రోజంతా పెట్టుకున్నారు, మర్నాటికి వాంతులు ఆగాయి, ఇడ్లీ తిన్నారు, ముసలావిడ లేచి జడ వేసుకుందట. తగ్గిపోయిందని ఇంటికి పంపించేశారు, వాళ్ళు కూడా సంతోషంగా వెళ్ళిపోయారు. నాలుగో రోజు మా దగ్గరకి తెచ్చేసరికి ఆవిడ కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి, సూది గుచ్చిన చోటల్లా నల్లగా కమిలింది, పళ్ళ చిగుళ్ళ నుంచి రక్తం, కొడుకుని గుర్తుపట్టలేదు. మధ్యలో ఒక రోజు పచ్చకామెర్లకి పసరు పోయించడానికి తీసుకెళ్ళారు. మేం కూర తెమ్మంటే గిన్నె తోమేశామన్నారు. కొడుకూ కోడలూ బతికారు, ఆవిడ బతకలేదు.

ఆ ఇడ్లీ తిన్న రోజే ఈ విషంలో అసలు మోసం. వాంతులు విరేచనాలు ఒక రోజు అటూ ఇటూగా ఉండి తగ్గిపోతాయి, రెండో రోజు, మూడో రోజు మనిషి లేచి కూర్చుంటాడు, ఆకలేస్తుందంటాడు. కానీ అదే టైమ్‌లో రక్తపరీక్షలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, అంటే లివర్ దెబ్బతింటే పెరిగే ఎంజైములు, వందలు దాటి వేలల్లోకి ఎక్కుతుంటాయి. పేగు కొంచెం తేరుకుంది, లివర్ కాలిపోతోంది, లివర్‌కి నొప్పి చెప్పుకునే అలవాటు లేదు. తర్వాత కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగు, రక్తం గడ్డకట్టే పదార్థాలు లివర్‌లోనే తయారవుతాయి కాబట్టి ఎక్కడపడితే అక్కడ రక్తం కారడం, షుగర్ పడిపోవడం, మగత, పొంతన లేని మాటలు, కిడ్నీలు మూత్రం పోయడం మానేయడం. ఇవన్నీ మూడో రోజు నుంచి వరసగా వస్తాయి, ప్రాణం పోవడమంటే చాలావరకు ఆరు రోజుల నుంచి పదహారు రోజుల మధ్య. మంచి ట్రీట్‌మెంట్ టైమ్‌కి దొరికితే నూటికి ఎనభై తొంభై మంది బతుకుతారు, పాతకాలంలో సగం మందికి పైగా పోయేవాళ్ళు, కాబట్టి ఆశ వదులుకునే జబ్బు కాదు ఇది, టైమ్ పోగొట్టుకునే జబ్బు.

2022 ఏప్రిల్‌లో ఎగువ అస్సాంలో ఇలాగే జరిగింది, తేయాకు తోటల కుటుంబాలు అడవి పుట్టగొడుగులు వండుకుని తిన్నాయి, డిబ్రూగఢ్‌లోని అస్సాం మెడికల్ కాలేజీకి పదుల మందిని తెచ్చారు, 13 మంది చనిపోయారు. వాళ్ళు కూడా తరతరాలుగా తింటున్నవాళ్ళే.

ఇంట్లో చేయాల్సినవి

అనుమానం వచ్చిన నిమిషంలో 108కి ఫోన్ చేయండి లేదా ఉన్న బండి ఎక్కించండి. బండి వచ్చేలోపు ఈ పనులు ఇంకొకరికి అప్పజెప్పండి, ఒక్కరే అన్నీ చేయబోతే ఏదీ అవ్వదు.

మిగిలిన కూర పారేయొద్దు, గిన్నె కడగొద్దు. ఒక మూత ఉన్న డబ్బాలో పోసి ఆసుపత్రికి పట్టుకురండి. వండనివి ఉంటే పేపర్‌లో చుట్టండి, ప్లాస్టిక్ కవర్ వద్దు, కవర్లో చెమట పట్టి రెండు గంటల్లో జిగురు ముద్ద అయిపోతుంది, అప్పుడు చూసేవాళ్ళకి కూడా ఏదో తెలీదు. చెత్తబుట్టలో కోసి పడేసిన కాడలు, తొక్కలు కూడా ఏరండి. ఇంకా కోసిన చోటు తెలిసినవాళ్ళుంటే ఒకరు వెళ్ళి అక్కడ మిగిలినవాటిని ఫోన్‌లో ఫోటోలు తీయాలి, పైనుంచి, కిందనుంచి చారలు కనబడేలా, మొదలు మట్టిలోంచి తవ్వి. ఆ మొదలు సంగతి తర్వాత చెప్తా, అది చాలా ముఖ్యం. ఏం భయపడక్కర్లేదు, పట్టుకుంటే విషం ఎక్కదు, తింటేనే. తర్వాత చేతులు కడుక్కుంటే చాలు.

ఒక కాగితం మీద రాయండి: ఎన్నింటికి తిన్నారు, ఎవరెవరు తిన్నారు, ఎవరికి ఎన్నింటికి మొదటి వాంతి అయింది, పిల్లల బరువు ఎంత. ఫోన్‌లో కాదు, కాగితం మీదే, ఎందుకంటే ఆ కాగితం రోగితో పాటు ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి వెళ్తుంది, మీ ఫోన్ మీతో ఉంటుంది. తిన్నవాళ్ళందర్నీ తీసుకురండి, ఏమీ కాలేదని నవ్వుతున్న బావమరిదిని కూడా, పొద్దున టిఫిన్‌లోకి మిగిలిన కూర వేసుకున్న పక్కింటి పిల్లని కూడా.

ఉప్పునీళ్ళు తాగించి, గొంతులో వేలు పెట్టి కక్కించొద్దు. విరేచనాలు ఆపే మాత్ర మీ అంతట మీరు వేయొద్దు, ఆ బయటికి పోయేదాంట్లో విషం కూడా పోతోంది. ఒళ్ళు నొప్పులకి పారాసిటమాల్ వేయొద్దు, దెబ్బతింటున్న లివర్ మీద ఇంకో బరువు. మద్యం అసలే వద్దు. తెలివిగా ఉండి మింగగలిగితే ఓఆర్‌ఎస్ గుక్క గుక్కగా ఇవ్వండి. పసరు, మజ్జిగలో ఏవేవో కలిపి పోయడం, మంత్రం వేయించడం, వీటివల్ల టైమ్ పోతుంది, ఇక్కడ మనకి లేనిదే టైమ్. ముఖ్యంగా కళ్ళు పచ్చబడ్డాక పసరు మందుకి తీసుకెళ్ళడం, అది నేను కళ్ళారా చూశాను, దయచేసి వద్దు. అది మామూలు కామెర్లు కాదు, లివర్ ఫెయిల్ అవుతోందని గుర్తు.

ఆసుపత్రిలో ఏం అడగాలి

వెళ్ళగానే "వాంతులు విరేచనాలు" అని మాత్రమే చెప్పకండి, ఆ మాట చెప్తే గ్యాస్ట్రో కేసుల వరుసలో పడతారు. "అడవి పుట్టగొడుగులు తిన్నారు, ఇన్ని గంటలకి మొదలైంది" అని మొదటి వాక్యంలోనే చెప్పండి, కాగితం చేతిలో పెట్టండి. డాక్టర్లకి చెప్పేంతటివాళ్ళమా అని జంకొద్దు, వానాకాలం రాత్రి డ్యూటీలో నలభై మందిని చూసే డాక్టరుకి ఆ ఒక్క వాక్యం చాలా పని తగ్గిస్తుంది, నేను ఆ పక్కనే నిలబడే మనిషిని కాబట్టి చెప్తున్నా.

పరీక్షలు: లివర్ ఫంక్షన్ టెస్ట్, పీటీ ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పేది), క్రియాటినిన్ (కిడ్నీల కోసం), షుగర్, సోడియం పొటాషియం. మొదటిసారి అన్నీ నార్మల్ వస్తే సంతోషపడి లేవకండి, తిన్న పన్నెండు గంటలకి తీసిన రక్తంలో లివర్ ఇంకా మామూలుగానే కనబడొచ్చు. పన్నెండు గంటలకోసారి, వీలైతే ఇంకా దగ్గర దగ్గరగా మళ్ళీ మళ్ళీ తీయాలి, ఆలస్యంగా వాంతులు మొదలైన మనిషిని కనీసం రెండు రోజులు, ఆ నంబర్లు ఎక్కట్లేదని తేలేదాకా పంపకూడదు. ఇంటికి వెళ్ళిపోమంటే "రేపు లివర్ టెస్ట్ ఇంకోసారి చూసి పంపండి సార్" అని అడగండి, గట్టిగా అడగండి. వీటన్నిట్లో ఐఎన్‌ఆర్ మీద కన్నేసి ఉంచండి, ఎంజైములు దిగుతున్నా ఐఎన్‌ఆర్ ఎక్కుతోందంటే అది బాగవడం కాదు, చావడానికి కణాలు కూడా మిగల్లేదని అర్థం.

ట్రీట్‌మెంట్ గురించి నిజం చెప్పాలంటే దీనికి ఖచ్చితమైన విరుగుడు అంటూ ఇంకా లేదు, పాముకాటుకి ఉన్నట్టు ఒక ఇంజెక్షన్ లేదు. కానీ చేయగలిగినవి చాలా ఉన్నాయి. అన్నిటికంటే ముందు సెలైన్లు, ధారాళంగా, ఎందుకంటే ఒంట్లో నీరు నిలబడితే కిడ్నీలు విషాన్ని మూత్రంలో బయటికి తోస్తాయి, ఒళ్ళు ఎండిపోతే కిడ్నీ కూడా చేతులెత్తేస్తుంది. తర్వాత యాక్టివేటెడ్ చార్‌కోల్, అదే బొగ్గు పొడి, నాలుగైదు గంటలకోసారి మళ్ళీ మళ్ళీ ఇస్తారు, పిత్తంతో పేగులోకి వచ్చిన విషాన్ని అక్కడే పట్టుకుని బయటికి లాక్కెళ్తుంది. నల్లగా ఉంటుంది, పిల్లలు తాగనంటారు, ముక్కులోంచి గొట్టం వేసైనా ఇస్తారు, వద్దనకండి. ఎన్‌-ఎసిటైల్‌ సిస్టీన్, ఎన్‌ఏసీ అంటారు, ఎలుకల మందు పేస్ట్ తిన్న కేసుల్లోనూ, పారాసిటమాల్ ఎక్కువ మింగిన కేసుల్లోనూ లివర్‌ని కాపాడటానికి వాడేది అదే, కాబట్టి మన పెద్దాసుపత్రుల్లో దొరుకుతుంది. పెన్సిలిన్ జి పెద్ద డోసుల్లో కొందరు ఇస్తారు. సిలిబినిన్ అని మిల్క్ థిసిల్ అనే ముళ్ళ మొక్క గింజల్లోంచి తీసింది, లివర్ కణాల ద్వారాలు మూసి విషాన్ని లోపలికి రానివ్వదు, నరంలోకి ఎక్కించేది యూరప్‌లో చాలా ఏళ్ళుగా వాడుతున్నారు. మెడికల్ షాపులో సిలిమరిన్ పేరుతో లివర్ టాబ్లెట్లు దొరుకుతాయి, అవి మింగి ఇంట్లో కూర్చోవడం దీనికి ట్రీట్‌మెంట్ కాదు, దయచేసి అలా అనుకోవద్దు. 2023లో చైనా శాస్త్రవేత్తలు ఇండోసయనిన్ గ్రీన్ అనే ఆకుపచ్చ రంగు మందు ఎలుకల్లో ఈ విషాన్ని అడ్డుకుందని చూపించారు, కంటి పరీక్షల్లోనూ లివర్ పరీక్షల్లోనూ ఎప్పట్నుంచో వాడుతున్న రంగే అది, ఆ వార్త చదివిన రోజు నేను చాలాసేపు ఆ ముసలావిడనే తలుచుకున్నా.

ఇవేవీ సరిపోకపోతే లివర్ మార్పిడి. అందుకే ఐఎన్‌ఆర్ ఎక్కుతున్న మనిషిని ముందే మార్పిడి సౌకర్యం ఉన్న చోటికి పంపాలి, మగతలోకి జారాక అంబులెన్స్‌లో వంద కిలోమీటర్లు అంటే చాలా కష్టం. "ఇక్కడ లివర్ ఐసీయూ ఉందా, లేకపోతే ఎప్పుడు రిఫర్ చేస్తారు" అని రెండో రోజే అడగండి, మనిషి బాగున్నట్టు కనబడుతున్నప్పుడే.

సలహా కావాలంటే ఢిల్లీ ఎయిమ్స్‌లో నేషనల్ పాయిజన్స్ ఇన్ఫర్మేషన్ సెంటర్ ఉంది, టోల్ ఫ్రీ 1800 116 117, డాక్టర్లు కూడా అడగొచ్చు, ఇంట్లోవాళ్ళు కూడా అడగొచ్చు.

పెద్దవాళ్ళు చెప్పే పరీక్షలు

వెల్లుల్లి వేస్తే నల్లబడితే విషం, వెండి ఉంగరం వేస్తే రంగు మారితే విషం, బియ్యం గింజలు వేసి ఉడికిస్తే ఎర్రబడితే విషం, చింతపండు వేసి ఉడికిస్తే విరిగిపోతుంది, పైన పొర ఒలిస్తే పోతుంది, ఇవన్నీ ప్రేమతో చెప్పినవే, కానీ ఒక్కటీ అమాటాక్సిన్‌ని పట్టుకోలేదు. అది వెండితో కలవదు, పులుపుకి విరగదు, పొరలో మాత్రమే కూర్చుని ఉండదు. రుచి చూసి తెలుసుకుందామన్నా కుదరదు, డెత్ క్యాప్ తిని బతికినవాళ్ళు చాలా రుచిగా ఉందనే చెప్పారు, చేదు లేదు.

ఇంకో నమ్మకం, పురుగు కొరికిందంటే మనిషికీ మంచిదే అని. ఇది తర్కంగా అనిపిస్తుంది కాబట్టి ఎక్కువ ప్రమాదం. నత్తలు డెత్ క్యాప్‌ని తింటాయి, కొన్ని రకాల చిన్న ఈగలు అందులోనే గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుతాయి, వాటి ఒంట్లో ఈ విషానికి తట్టుకునే ఏర్పాటు ఉంది. మనకి లేదు.

కోసేటప్పుడు ఒక్క పని

నేను కోయొద్దనే అంటాను, ముఖ్యంగా కొత్త చోట. అయినా కోసేవాళ్ళు ఉంటారు కాబట్టి ఇది చెప్పాలి. మనం పుట్టగొడుగు కనబడగానే కాడ దగ్గర పట్టుకుని పుటుక్కున తుంచుతాం, మట్టి అంటకుండా కూర శుభ్రంగా ఉంటుందని. అమానిటా జాతి వాటికి గుర్తు సరిగ్గా ఆ తుంచిన చోటు కింద, మట్టి లోపల ఉంటుంది. కాడ మొదట్లో తెల్లటి సంచి, కోడిగుడ్డు పెంకు పగిలి అందులోంచి కాడ లేచినట్టు ఉంటుంది. తుంచేస్తే ఆ సంచి మట్టిలోనే ఉండిపోతుంది, మన చేతికి వచ్చింది ఏదో మామూలు తెల్ల గొడుగులా కనిపిస్తుంది. కత్తితోనో పుల్లతోనో చుట్టూ తవ్వి మొత్తం పైకి తీయండి. మొదట్లో సంచి, కాడ మీద గౌనులా వేలాడే పొర, గొడుగు కింద చారలు తెల్లగా, ఈ మూడింట్లో ఏది కనబడినా అక్కడే వదిలేయండి.

మన అసలు పుట్టగొడుగు సంగతి వేరే. పేరులోనే ఉంది, పుట్ట మీద గొడుగు. చెదపురుగులు పుట్ట లోపల బూజు తోటలు పెంచుకుంటాయి, ఆ తోటలోంచి వానకి పైకి లేచేదే అది, అందుకే దాని కాడ వేరులా సాగి సాగి పుట్ట లోపలిదాకా, ఒక్కోసారి మూరెడు లోతుకి పోతుంది. మా అమ్మ ఆ పొడుగు తోకని గోరుతో గీకి మట్టి వదిలించి, మధ్యలో తెగకుండా వచ్చిందంటేనే గిన్నెలో వేసేది, తెగినవి పక్కన పెట్టేసేది. ఎందుకని అడిగితే "తోక లేంది మనది కాదే" అనేది. అది పూర్తి భద్రత అని నేను అనను, కానీ తుంచకుండా తవ్వే అలవాటు దాంట్లో ఉంది. తెలియని చోట్ల, గడ్డి లాన్లలో, పేడ దిబ్బల పక్కన మొలిచినవి వదిలేయండి, కూర తినాలనిపిస్తే బటన్, చిప్ప పుట్టగొడుగులు, పాల పుట్టగొడుగులు పెంచి అమ్ముతున్నారు.

ఇంకా మొగ్గగా ఉన్నవి అస్సలు కోయకండి. గుడ్డులా ఉండే దశలో డెత్ క్యాప్‌కీ, తినే వరిగడ్డి పుట్టగొడుగుకీ తేడా చెప్పడం అలవాటున్నవాళ్ళకే కష్టం.

బయటి దేశాల్లో ఉన్నవాళ్ళకి

ఇది ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది. ఇంటి దగ్గర తిన్నదానిలా కనబడిందని పరాయి దేశంలో కోసుకోవడం, సరిగ్గా అక్కడే ఈ విషం పట్టేస్తోంది. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో 2011 డిసెంబర్ 31 రాత్రి చైనా నుంచి వచ్చిన వంటాయన ఒకరు కోసుకొచ్చిన డెత్ క్యాప్‌లతో వండారు, ఇద్దరు చనిపోయారు, వరిగడ్డి పుట్టగొడుగులు అనుకుని ఉంటారని అప్పట్లో చెప్పారు. 2021 ఆగస్టులో కాబూల్ నుంచి పోలండ్ చేరిన అఫ్గాన్ కుటుంబం వార్సా దగ్గర అడవిలో కోసిన వాటితో సూప్ చేసుకుంది, 5 ఏళ్ళ బాబు, 6 ఏళ్ళ బాబు ఇద్దరూ పోయారు, పెద్దోడికి లివర్ మార్చినా నిలబడలేదు. కాలిఫోర్నియాలో 2016 డిసెంబర్ ఒక్క నెలలోనే 14 మందికి ఈ విషం ఎక్కింది, ముగ్గురికి లివర్ మార్చాల్సి వచ్చింది, వాళ్ళలో ఒక కుటుంబం తామే కోసింది కూడా కాదు, ముక్కూ మొహం తెలీని మనిషి కొండల్లో కోశానని ఇస్తే ఇంట్లో కాల్చుకు తిన్నారు.

కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, అదే బే ఏరియాలో మన తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, ఓక్ చెట్ల కింద ఇవి అప్పుడే లేస్తాయి, పార్కులో కూడా, ఇంటి ముందు కూడా. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు పొద్దున వాకింగ్‌కి వెళ్ళి "ఇక్కడ ఎవరూ కోసుకోవట్లేదే, ఎంత బాగున్నాయో" అని కొంగులో వేసుకొస్తారు, వాళ్ళకి ముందే చెప్పండి. నడక నేర్చిన పిల్లల్ని, కుక్కల్ని చూసుకోండి, కుక్కలకీ ఇదే గతి. అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబర్ 1-800-222-1222, ఆస్ట్రేలియాలో 13 11 26, ఫ్రిజ్ మీద రాసి పెట్టండి.

బతికి ఇంటికొచ్చినవాళ్ళు డిశ్చార్జ్ కాగితంలో రాసిన తేదీకి లివర్, కిడ్నీ టెస్టులు మళ్ళీ చేయించుకోవాలి, మద్యం మానేయాలి, ఏ నొప్పి మాత్రైనా డాక్టర్ని అడిగే వేసుకోవాలి. ఆ పుట్టగొడుగులు కోసిన చోటు ఊళ్ళో వాళ్ళకి చూపించండి, ఆశా వర్కర్‌కి చెప్పండి, అదే గట్టు మీద అదే చెట్టు కింద వచ్చే ఏడు కూడా అవి లేస్తాయి.